జీతం లేని ట్రయల్‌కి వారం రోజులు రమ్మంటున్నారు, వెళ్లాలా వద్దా?

#1 వెతుకులాట
అందరికీ నమస్కారం. ఒక బట్టల షోరూమ్‌లో సేల్స్ ఉద్యోగానికి అప్లై చేశాను. ఇంటర్వ్యూ ఐదు నిమిషాల్లో ముగించేసి, "రేపొచ్చి ఒక పూట చేసి చూపించండి" అన్నారు. సరేనని వెళ్లాను. తీరా చూస్తే అది డిస్కౌంట్ సేల్ మొదలైన రోజు. షాపు ఎలా ఉంటుందో, ఏ సెక్షన్ ఎక్కడో చూపించిన వాళ్లు లేరు. నేరుగా ట్రయల్ రూముల దగ్గర నిలబెట్టారు. జనం వేసి చూసి వదిలేసిన బట్టలు కుప్పలు కుప్పలు. ఒక్కోదానికి గుండీలు పెట్టి, హ్యాంగర్‌కెక్కించి, సైజుల వరసలో మళ్లీ రాక్‌కి చేర్చాలి. ఇటు సర్దుతుంటే అటు ఇంకో కుప్ప. ఒక పూట అన్నది షట్టర్ దించేదాకా సాగింది. మేనేజర్ గారు నా పని గమనించారా అంటే, ఆయన బిల్లింగ్ కౌంటర్ వదిలి వస్తే కదా.

వెళ్లేటప్పుడు, "బాగా చేశారు, ఒక వారం ట్రయల్‌కి రండి, ఆ తర్వాత చూద్దాం" అన్నారు. డబ్బు సంగతి అడిగితే, "ట్రయల్‌కి జీతం ఉండదు, ఎక్కడైనా ఇంతే" అనేశారు. అప్పటికప్పుడు వాట్సాప్ గ్రూపులో కూడా చేర్చారు. నాలాంటి ట్రయల్ వాళ్లు అందులో ఇంకా ఉన్నారు.

నిజంగా ఎక్కడైనా ఇంతేనా? వెళ్లమంటారా, మానేయమంటారా? ఏ ఊరు, ఏ దేశం అని మాత్రం అడగకండి. మేనేజర్ గారూ తెలుగువారే. ఆయనకి ఈ వేదిక చూసే అలవాటుంటే నా పని అయిపోయినట్టే.

#2 రాక్‌నంబర్7
వెళ్లకు తమ్ముడూ. సేల్ అయిపోయిన రోజే నీ ట్రయల్ కూడా అయిపోతుంది. "ఫోన్ చేస్తాం" అంటారు. ఆ ఫోన్ రాదు.

#3 ఓపిక_ఉండాలి
అందరూ మానేయమనే చెప్తారు, రేపు ఉద్యోగం మాత్రం ఎవరూ ఇవ్వరు. నేను కూడా ఇలాగే ఊరికే పని చేసి చేరినవాడినే. ఇప్పుడు ఫ్లోర్ ఇన్‌చార్జ్‌ని. అనుభవం లేని మనిషిని మొదటి రోజే జీతానికి ఎవరు తీసుకుంటారు? వారం పోతే పోయింది అనుకుని వెళ్లిరండి. రిటైల్‌లో కాలు పెట్టడమే కష్టం, పెట్టాక ఎక్కడైనా దొరుకుతుంది.

#4 లెక్కప్రకారం
"ఎక్కడైనా ఇంతే" అన్న మాట దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే అది నిజం కాదు. దేశం పేరు చెప్పలేదు కాబట్టి నాకు బాగా తెలిసిన బ్రిటన్ సంగతి రాస్తున్నా. మిగతా దేశాలవాళ్లు మీకు తెలిసింది కలపండి.

అక్కడ కనీస వేతన చట్టం 1998లో వచ్చింది. ట్రయల్ పేరుతో ఊరికే పని చేయించుకోవడం మీద గొడవ ముదిరాక, స్కాట్లండ్‌కి చెందిన స్టూవర్ట్ మెక్‌డొనాల్డ్ అనే ఎంపీ అలాంటి ట్రయల్స్‌ని పూర్తిగా నిషేధించాలని ఒక బిల్లు పెట్టాడు. 2018 మార్చిలో అది సభలో చర్చకు వచ్చింది. కొందరు సభ్యులు ఉపన్యాసాలు సాగదీసి సమయం అయిపోగొట్టారు, బిల్లు ఓటింగ్ దాకా రాకుండానే పోయింది. కానీ ఆ ఒత్తిడికి అదే ఏడాది చివర్లో ప్రభుత్వం మార్గదర్శకాలు ఇచ్చింది.

వాటిలో చూడమన్నవి ఇవీ: ట్రయల్ నిజంగా ఎంపిక కోసమేనా, ఆ నైపుణ్యం తేల్చుకోవడానికి అవసరమైనంత సేపే ఉందా, చేస్తున్నంతసేపూ ఎవరైనా గమనిస్తున్నారా, ఇచ్చిన పనికీ ఆ ఉద్యోగానికీ సంబంధం ఉందా, ఆ పని వల్ల పరీక్షకు మించి షాపుకి లాభం ఉందా. ఒక రోజు దాటిన ట్రయల్‌కి, చాలా అరుదైన సందర్భాల్లో తప్ప, కనీస వేతనం ఇవ్వాల్సిందేనని కూడా అందులో ఉంది.

ఇప్పుడు మీ సేల్ రోజు సంగతి చూడండి. గమనించినవాళ్లు లేరు. మీరు సర్దకపోతే ఆ కుప్పలు సర్దడానికి జీతమిచ్చి ఇంకో మనిషిని పెట్టుకోవాలి. అంటే అక్కడ జరిగింది పరీక్ష కాదు, షాపు పని. ఇక వారం అంటారా, దాన్ని సమర్థించడానికి దారే లేదు.

#5 వెతుకులాట
రాక్‌నంబర్7 గారూ, తమ్ముడు కాదు, చెల్లెలు :)

లెక్కప్రకారం గారూ, చాలా థాంక్స్. ఒక విషయం చెప్పడం మరిచాను. లోపలికి వెళ్లేటప్పుడు సెక్యూరిటీ దగ్గర రిజిస్టర్‌లో సంతకం పెట్టించారు. స్టాఫ్ రిజిస్టర్ కాదు, విజిటర్ల రిజిస్టర్. "ఎవరిని కలవాలి" అన్న గడిలో మేనేజర్ గారి పేరు, "పని" అన్న గడిలో "పర్సనల్" అని సెక్యూరిటీ ఆయనే రాసుకున్నాడు. నాకు అప్పుడు నవ్వొచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తుంటే కావాలనే అలా రాయిస్తున్నారేమో అనిపిస్తోంది.

#6 రాక్‌నంబర్7
సారీ చెల్లెమ్మా. కావాలనే, అనుమానమే అక్కర్లేదు. స్టాఫ్ రిజిస్టర్‌లో పేరుంటే రేపు ఎవరైనా ఇన్‌స్పెక్షన్‌కి వస్తే ఈ మనిషికి జీతం ఎక్కడ ఇచ్చారని అడుగుతారు. విజిటర్‌కి జీతం ఉండదు కదా. స్టూలెక్కి పై రాక్ సర్దుతూ పడ్డారే అనుకోండి, "ఆవిడ మా స్టాఫే కాదు, ఎవరినో కలవడానికి వచ్చింది" అంటారు. ఆస్పత్రి ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందో ఆలోచించుకోండి.

#7 చిన్నషాపు
ఓనర్లని తిట్టే పేజీలా ఉంది కాబట్టి ఓనర్‌గా రెండు మాటలు. నాది చిన్న షాపు, పనివాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇంటర్వ్యూలో మనిషి తెలీడు. మాటలు గలగలా మాట్లాడినవాడు కస్టమర్ కనబడగానే ఫోన్ తీస్తాడు. నోరు విప్పనివాడు అరగంటలో స్టాక్ అంతా సర్దేసి, "సార్, ఈ వరసలో ధర స్టిక్కర్లు తప్పున్నాయి" అని చూపిస్తాడు. ఇది కళ్లారా చూడకుండా ఎలా తీసుకోమంటారు? తీసుకున్నాక పనికిరాడని తేలితే పంపించడం ఇంకా కష్టం, ఇద్దరికీ. కాబట్టి ట్రయల్ అనేదే తప్పంటే నేను ఒప్పుకోను.

కానీ ట్రయల్ అంటే నా లెక్కలో గంట, గంటన్నర. రద్దీ లేని టైమ్‌లో రమ్మంటాను, పక్కనే ఉంటాను. ఒక అట్టపెట్టె ఇచ్చి స్టాక్ రాక్‌కి ఎక్కించమంటాను. పాత తేదీవి ముందుకు, కొత్తవి వెనక్కి పెట్టాలని చెప్పకుండానే తెలుసా, చెబితే పట్టుకుంటాడా అని చూస్తాను. ఒకరిద్దరు కస్టమర్లతో మాట్లాడనిస్తాను. అంతకన్నా చూడాల్సింది ఏముంటుంది? పూట దాటితే డబ్బిచ్చి పంపిస్తాను, ఉద్యోగం ఇచ్చినా ఇవ్వకపోయినా. వారం ఊరికే రమ్మనేవాళ్ల గురించి నన్నడగొద్దు, వాళ్ల వల్ల మాకూ చెడ్డపేరే.

#8 ఓపిక_ఉండాలి
కోట్: "పూట దాటితే డబ్బిచ్చి పంపిస్తాను"
మీలాంటి ఓనర్లు ఎంతమందున్నారు సార్? ఈ అమ్మాయికి దొరికింది మీ షాపు కాదు. ఉన్న షాపుతోనే బేరం ఆడుకోవాలి. చట్టాలు చెప్పుకుంటూ పోతే లైన్లో వెనకున్నవాడు ఆ వారం ఊరికే చేసి ఉద్యోగం కొట్టేస్తాడు.

#9 తక్కెడ
వెనకున్నవాడు కూడా ఊరికే చేస్తాడు కాబట్టే, ఈ దందా ఆగట్లేదు. సేల్ మొదటి రోజు ఒక బ్యాచ్, మూడో రోజు ఇంకో బ్యాచ్. సేల్ మొత్తం ట్రయల్ వాళ్లతోనే లాగించేయొచ్చు. వెతుకులాట గారూ, ఆ గ్రూపులో ట్రయల్ వాళ్లు ఎంతమంది, నిజంగా ఉన్న ఖాళీలు ఎన్ని? ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి.

ఇండియా చట్టం సంగతి నేను చెబుతాను. 1948 నాటి కనీస వేతనాల చట్టం స్థానంలో వేతనాల కోడ్ 2019 వచ్చింది, 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉంది. "అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వలేదు, కాబట్టి నువ్వు ఉద్యోగివి కావు" అనేది అందరూ మొదట వేసే ఎత్తు. కోడ్‌లో ఉద్యోగి నిర్వచనం చదివితే, షరతులు పైకి చెప్పినవైనా సరే, చెప్పకుండా అర్థమయ్యేవైనా సరే అని ఉంటుంది. కాగితం లేనంత మాత్రాన కథ అయిపోదు. క్లెయిమ్ వేయడానికి 3 ఏళ్ల గడువుంది. బాకీ డబ్బుతో పాటు దానికి 10 రెట్ల దాకా పరిహారం ఇప్పించే అధికారం కూడా ఉంది. ఇంకో మంచి విషయం, క్లెయిమ్ వేస్తే డబ్బు ఇచ్చామని నిరూపించుకోవాల్సింది యజమానే.

దీనికంటే లోతైనది ఒకటుంది. రాజ్యాంగంలో 23వ అధికరణ వెట్టిచాకిరీని నిషేధించింది. 1982లో ఏషియన్ క్రీడల నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు ఏమందంటే, కనీస వేతనం కంటే తక్కువకి పని చేస్తున్నాడంటే ఏదో ఒక బలవంతం ఉన్నట్టే, ఆకలీ పేదరికం కూడా బలవంతమే, అది 23వ అధికరణ కిందికి వస్తుంది అని. తీర్పు రాసింది జస్టిస్ పి.ఎన్. భగవతి. "మేం ఎవరినీ బలవంతం చెయ్యలేదు, వాళ్లే వచ్చారు" అనే మేనేజర్లకి ఆ తీర్పు చదివి వినిపించాలనిపిస్తుంది నాకు.

#10 ఓపిక_ఉండాలి
తీర్పు చదివి వినిపిస్తే ఉద్యోగం ఇస్తారా?

#11 తక్కెడ
ఇవ్వరు. ఊరికే చేస్తే ఇస్తారని గ్యారంటీ ఉందా?

#12 మోడరేటర్
దీని కింద ఉన్న నాలుగైదు పోస్టులు తీసేశాను. ఒకరి ఉద్యోగం గురించి ఇంకొకరు వెటకారాలొద్దు. విషయం మీద ఎంత గట్టిగానైనా వాదించుకోండి.

#13 లెక్కప్రకారం
ఓపిక గారి వైపు వాదనకి బలమిచ్చే కేసు కూడా ఒకటుంది, దాచడం ఎందుకు. అమెరికాలో వేతనాల మూలచట్టం 1938 నాటిది. 1947లో వాలింగ్ వర్సెస్ పోర్ట్‌లండ్ టెర్మినల్ అనే కేసులో అక్కడి సుప్రీంకోర్టు, రైల్వే యార్డులో వారం పైన ఊరికే శిక్షణ తీసుకున్నవాళ్లు ఉద్యోగులు కారు, వేతనం ఇవ్వక్కర్లేదు అంది. చాలామంది ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తారు. కారణం ఏం చెప్పిందో చూడండి. శిక్షణలో ఉన్నవాళ్లు మామూలు పనివాళ్ల స్థానంలోకి రాలేదు, పని చేసింది అసలు సిబ్బందే, వీళ్లని పక్కన పెట్టుకుని నేర్పించడం వల్ల రైల్వే పని ఒక్కోసారి నెమ్మదించింది కూడా. అప్పటికప్పుడు కంపెనీకి దక్కిన లాభం ఏమీ లేదు.

ఆ కొలతే మన చెల్లెలి కేసుకి పెట్టండి. ట్రయల్ రూముల దగ్గర ఆవిడ వల్ల షాపు పని నెమ్మదించిందా, నడిచిందా?

#14 నైట్‌షిఫ్ట్
ఆస్ట్రేలియా నుంచి. ఇక్కడ ఫెయిర్ వర్క్ అంబుడ్స్‌మన్ (జీతాలు, పని నిబంధనలు చూసే ప్రభుత్వ సంస్థ) చెప్పేది దాదాపు చిన్నషాపు గారి పద్ధతే. నైపుణ్యం చూపించడానికి అవసరమైనంత సేపే, అది పనిని బట్టి గంట నుంచి ఒక షిఫ్ట్ దాకా, ట్రయల్ మొత్తం ఎవరో ఒకరి పర్యవేక్షణలోనే ఉండాలి. అది దాటితే డబ్బివ్వాలి.

స్టూడెంట్ వీసా మీద వచ్చిన మన పిల్లలకే ఎక్కువ ఎసరు పెడతారు. కంప్లయింట్ చేస్తే వీసాకి ఏమైనా అవుతుందేమో అని వాళ్లకి టెన్షన్, ఆ టెన్షనే ఓనర్‌కి పెట్టుబడి. మన వాళ్ల షాపుల్లో ఇది ఇంకా ఎక్కువ, "మనవాడివి కదా, డబ్బు లెక్కలేంటి" అంటారు. చెప్పడానికి బాధగానే ఉంది గానీ నేను చూసింది అదే. ట్రయల్ చేసిన గంటలు కూడా పని గంటల్లోకే వస్తాయి, వీసా పరిమితిలో లెక్కేసుకోండి. పే స్లిప్ లేదని ఆ గంటలు మాయమైపోవు.

#15 కొత్తబిల్లు
నాదొక డౌట్. షాపువాళ్లు కాకుండా ప్రభుత్వ ఉపాధి కార్యాలయమే ట్రయల్‌కి పంపిస్తే? మా కజిన్‌కి అలా జరిగింది. వెళ్లకపోతే భృతి ఆపేస్తామన్నారట.

#16 లెక్కప్రకారం
అది వేరే వ్యవహారం. బ్రిటన్‌లో దీని మీద పెద్ద కేసే నడిచింది. కేట్ రైలీ అనే జియాలజీ గ్రాడ్యుయేట్ నిరుద్యోగ భృతి తీసుకుంటూ, ఒక మ్యూజియంలో స్వచ్ఛందంగా పని చేసేది. అది మానేసి పౌండ్‌ల్యాండ్ స్టోర్‌లో రెండు వారాలు జీతం లేకుండా షెల్ఫులు సర్దాలి, లేకపోతే భృతి పోతుందన్నారు. ఆవిడ కోర్టుకెళ్లింది. 2013 ఫిబ్రవరిలో అప్పీల్ కోర్టు ఆ పథకం నిబంధనలు చెల్లవంది. అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా దాన్నే సమర్థించింది. అయితే రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఒకటి, నిర్బంధ శ్రమ అన్న వాదనని కోర్టు ఒప్పుకోలేదు, గెలిచింది నిబంధనల్లో లోపం మీద, సమాచారం సరిగ్గా ఇవ్వకపోవడం మీద. రెండు, అప్పీల్ కోర్టు తీర్పు వచ్చిన కొద్ది వారాలకే ప్రభుత్వం వెనకటి తేదీల నుంచి వర్తించేలా కొత్త చట్టం చేసేసింది.

మీ కజిన్‌ని పంపించినవాళ్లు ఇచ్చిన కాగితం పూర్తిగా చదవమనండి. ఎన్ని రోజులు, వెళ్లకపోతే ఏమవుతుంది, చివర్లో ఇంటర్వ్యూ ఉందా లేదా అన్నది రాతలో ఉండాలి.

#17 రాక్‌నంబర్7
ఎవరూ అనలేదు కాబట్టి షార్టేజీ గురించి ఒక మాట. రాత్రి స్టాక్ లెక్క తేలకపోతే మొదట వేలు చూపించేది ట్రయల్ మనిషి వైపే. కొత్త ముఖం, రిజిస్టర్‌లో పేరు లేదు, వెనకేసుకొచ్చే ఫ్రెండ్స్ లేరు. నేను పని చేసిన ఒక చోట ట్రయల్‌కి వచ్చిన కుర్రాడి బ్యాగు అందరి ముందు బోర్లించారు. పోయిందనుకున్న సరుకు మర్నాడు స్టోర్ రూమ్‌లో దొరికింది. వాడికి ఫోన్ చేసి చెప్పిన పాపాన కూడా పోలేదు.

#18 నైట్‌షిఫ్ట్
దీనికి దగ్గరగా న్యూజిలాండ్‌లో ఒక తీర్పుంది. 2013లో అక్కడి ఎంప్లాయ్‌మెంట్ కోర్టు ఇచ్చింది. ఒక తినుబండారాల షాపులో ఒకమ్మాయి ట్రయల్ చేసింది, కొన్ని గంటలే. డబ్బు తగ్గిందన్న అనుమానంతో ఇక రావద్దన్నారు. "ట్రయలే కదా, ఉద్యోగి కాదు" అన్నది ఓనర్ వాదన. కోర్టు ఒప్పుకోలేదు. ఆమె చేసిన పని వల్ల షాపుకి లాభం కలిగింది, ఆమె డబ్బు వస్తుందనే అనుకుంది, కాబట్టి ఉద్యోగే అంది. ఉద్యోగి అయితే కారణం లేకుండా, సంజాయిషీ అడక్కుండా తీసేయడం కుదరదు. కొన్ని గంటల పనికే ఆ హోదా వస్తే, షట్టర్ దించేదాకా చేసిన పని మాటేమిటి?

#19 వెతుకులాట
అందరివీ చదివాను. వారం ట్రయల్‌కి వెళ్లదలచుకోలేదు. కానీ సేల్ రోజు చేసిన పని డబ్బు అడగాలని ఉంది. ఎలా అడగాలో తెలియట్లేదు. గొడవ పెట్టుకున్నట్టు ఉండకూడదు, బతిమాలినట్టూ ఉండకూడదు. ఇదే లైన్‌లో ఇంకో షాపుకి అప్లై చేశాను, ఈయనకి అక్కడ తెలిసినవాళ్లు ఉండొచ్చు.

#20 చిన్నషాపు
అమ్మా, ఒక ఓనర్ ఏ మెసేజ్‌కి కదులుతాడో ఓనర్‌కే తెలుసు. చట్టం పేరుతో మొదలుపెట్టొద్దు, వెంటనే లాయర్ మోడ్‌లోకి వెళ్లిపోతాడు. గ్రూపులో వేయొద్దు, పరువు కోసం మొండికేస్తాడు. విడిగా పంపండి. తేదీ, టైమ్, చేసిన పని స్పష్టంగా రాయండి. ఇలా:

"నమస్కారం సార్. సేల్ మొదటి రోజు (తేదీ) ఉదయం ఇన్ని గంటల నుంచి షట్టర్ దించేవరకు ట్రయల్ రూముల సెక్షన్‌లో పని చేశాను. మీరు బాగా చేశానన్నారు, థాంక్స్. జీతం లేకుండా వారం రావడం నాకు వీలు కాదు. జీతంతో అయితే వెంటనే చేరడానికి సిద్ధంగా ఉన్నాను. ఆ రోజు పనికి రావాల్సిన డబ్బు ఈ శుక్రవారంలోగా నా అకౌంట్‌కి పంపగలరు."

అంతే. "దయచేసి", "మీ ఇష్టం సార్" లాంటివి కలపొద్దు. ఆయన ఏం బదులిచ్చినా అందులో మీకు పనికొచ్చేది ఉంటుంది. "ట్రయల్ చేసినందుకు డబ్బివ్వం" అని రాశాడంటే మీరు ఆ రోజు అక్కడ పని చేశారని ఆయనే రాసిచ్చినట్టు.

#21 తక్కెడ
ఓనర్ గారు మన పార్టీలోకి వచ్చేశారు.

#22 చిన్నషాపు
నేను ఏ పార్టీలోనూ లేను సార్. రేపు మంచి పిల్ల నా షాపుకి ట్రయల్‌కి రమ్మంటే ఈ అనుభవంతో భయపడి రాకూడదు, నా బాధ అది.

#23 ఓపిక_ఉండాలి
నా అభిప్రాయం మారలేదు, వారం వెళ్లుంటే తీసుకునేవారేమో. కానీ డబ్బు అడగడంలో తప్పులేదు. మెసేజ్ బాగుంది. ఇంకొకటి, రెండో షాపు ఇంటర్వ్యూలో ఈ పనిని అనుభవంగా చెప్పుకోండి. సేల్ రోజు ట్రయల్ రూముల సెక్షన్ ఒంటరిగా చూసుకున్నాననండి. అది తెలిసినవాళ్లకి ఆ మాట చాలు.

#24 రాక్‌నంబర్7
ఓపికన్నతో మొదటిసారి ఏకీభవిస్తున్నా. అక్కడ కూడా ట్రయల్ అంటే ముందే మూడు అడుగు చెల్లెమ్మా: ఎన్ని గంటలు, పక్కన ఎవరుంటారు, డబ్బెంత. మెసేజ్‌లోనే అడుగు, ఫోన్‌లో వద్దు.

#25 వెతుకులాట
నిన్న సాయంత్రం చిన్నషాపు గారు రాసిచ్చినట్టే పంపాను, తేదీ, టైమ్ నింపి. రెండు నీలం టిక్కులు పడ్డాయి. ఇందాక బదులొచ్చింది: "ట్రయల్ పాలసీ ఇదే. అయినా హెచ్ఆర్‌ని అడిగి చెప్తాను."

తక్కెడ గారు అడిగిన అంకెలు: గ్రూపులో ట్రయల్ వాళ్లం పదిహేను మందిమి. ప్రకటనలో రెండు పోస్టులన్నారు.

#26 లెక్కప్రకారం
"ట్రయల్ పాలసీ ఇదే" అని రాతలో ఇచ్చారు, మంచిదే. శుక్రవారం దాకా ఆగండి. డబ్బు రాకపోతే మీరున్న చోటి కార్మిక శాఖకి కంప్లయింట్ ఇవ్వండి. బ్రిటన్‌లో అయితే ముందు అకాస్ (ఉద్యోగ వివాదాల్లో ఉచితంగా సలహా ఇచ్చే సంస్థ) హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. అక్కడ ట్రైబ్యునల్‌లో (ఉద్యోగ వివాదాలు వినే కోర్టులాంటిది) కేసు వేసే గడువులు చాలా తక్కువ, నెలల్లో ఉంటాయి, నాన్చొద్దు. ఈలోగా గ్రూపులో మీకు పని చెప్పిన మెసేజీలు, మిమ్మల్ని చేర్చిన తేదీ, అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. గ్రూపులోంచి తీసేస్తే ఇబ్బంది.

#27 వెతుకులాట
తీసేశారండీ, బదులిచ్చిన ఐదు నిమిషాలకే. స్క్రీన్‌షాట్లు మెసేజ్ పంపకముందే తీసుకున్నాను. "వేసి చూసిన బట్టలు పేరుకుపోతున్నాయి, ట్రయల్ వాళ్లు ఎవరూ కదలొద్దు" అని ఆయన పెట్టిన వాయిస్ మెసేజ్ కూడా ఫోన్‌లో ఉంది.

#28 రాక్‌నంబర్7
వాయిస్ కూడానా! ఒక కాపీ మెయిల్‌కి పంపుకో చెల్లెమ్మా. గ్రూపులో మిగతావాళ్ల నంబర్లు ఉన్నాయా?

#29 వెతుకులాట
ఇద్దరివి ఉన్నాయి. ఒకమ్మాయి ఇందాకే ఫోన్ చేసింది, ఆ మెసేజ్ తనకీ పంపమని.